ఎదురింటివాళ్ళ దయ్యం

వెనక గది,
వానలు మొదలైన వారం.

ఒరేయ్ చిన్నోడా,

నేను క్షేమం అని మొదలుపెడదామంటే కోర్టు ఒప్పుకునేలా లేదు. తీర్పు వచ్చింది. ఓడిపోయాం. ఓడిపోతే ఓడిపోయాం, ఎలా ఓడిపోయామో చూడు. అమ్మ పోయిన దగ్గర్నుంచి ఈ ఇంట్లో ఎవరూ లేరట. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "సదరు గృహము నిర్మానుష్యముగా ఉండెనని ఈ న్యాయస్థానము నిర్ణయించుచున్నది." మరి ఆ కాగితాన్ని ఈ గృహంలో కూర్చుని చదువుతున్నది ఎవరో జడ్జిగారే చెప్పాలి.

నీకు తెలిసిన కథే, కానీ కోర్టు భాషలో చదువుతుంటే వేరేవాళ్ళ ఇంటి కథలా ఉంది. ఇల్లు కొన్నది పెదనాన్న. "నీదేరా, ఉండు" అని నాన్నకిచ్చాడు. కాగితం రాయలేదు. పెదనాన్న పోయాక ఆయన కొడుకు, మన పెద్దన్నయ్య, దావా వేశాడు. కాగితం ఎవరి పేరున ఉన్నా, చట్టం చెప్పినన్నేళ్ళు ఎడతెగకుండా సొంతదారుల్లా ఉన్నాం కాబట్టి ఇల్లు మాదే అన్నాం. నాన్న ఉన్నాడు, అమ్మ ఉంది, అంతవరకూ జడ్జిగారు ఒప్పుకున్నారు. అమ్మ తర్వాత ఎవరున్నారు అంటే నేను అన్నాను. ఎవరైనా చూశారా అన్నారు.

ఎవరూ చూడలేదురా! అదే ఈ కేసులో తమాషా. అమ్మని సాగనంపి వచ్చిన రోజున పెద్దన్నయ్య వీధి తలుపుకి తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. "ఒంటరి ఆడపిల్లవి, వీధి తలుపు మూసి ఉంటేనే మంచిది" అన్నాడు. నేను హమ్మయ్య అనుకున్నాను. ఫొటోలు కడిగేదానికి మూసిన తలుపు కన్నా ఏం కావాలి? కిటికీలకి అప్పటికే నల్లకాగితం అంటించి ఉంది. వెనక సందులోనే నేను పనిచేసే స్టూడియో. కరెంటు తీగ కూడా స్టూడియో నుంచే లాక్కున్నాం, బిల్లు వాళ్ళ పేరునే. సందులోంచి వెళ్ళేదాన్ని, సందులోంచి వచ్చేదాన్ని. ముందు వీధి వాళ్ళకి తాళం కనబడింది. వెనక వీధి వాళ్ళు నేను స్టూడియోలోనే కాపురం ఉంటున్నాననుకున్నారు. స్టూడియో ఆయన బతికుంటే ఒక్క మాటతో తేలిపోయేది. ఆయన దావాకి ముందే వెళ్ళిపోయాడు. నువ్వు చెప్పావు, కానీ తమ్ముడివి కాబట్టి నీ మాట చెల్లదన్నారు.

ఇవాళ పొద్దున్న చేతిలోంచి గరిటె జారబోయింది. గబుక్కున పట్టుకున్నాను. ఎవరికో వినిపిస్తుందని భయం! ఎవరికి? ఖాళీ ఇంట్లో చప్పుడు చేయకూడదన్నట్టు అడుగులు కూడా నెమ్మదిగా వేస్తున్నాను. కోపం వస్తోంది కానీ, అంతకంటే ముందు సిగ్గేస్తోంది, నేను ఉన్నానని నిరూపించలేకపోయినందుకు.

అప్పీలు చేయాలి. ఈ ఇల్లు వదిలి వెళ్ళలేను. ఎందుకని అడక్కు.

అక్క

*

బస్సు డిపో, టైమ్‌కీపర్ గది,
వాన తెరిపిచ్చిన పూట.

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియక డ్రైవర్ల మీద అరిచాను. పాపం, వాళ్ళు ఆ రోజు టైముకే వచ్చారు.

లాయర్ని మార్చాను. పాతాయనకి మన కేసంటే ముందునుంచీ నిద్రే. ఈవిడ పెద్దకోర్టులో అప్పీళ్ళు మాత్రమే చూస్తుంది. నడుంనొప్పట, కుర్చీలో కూర్చోదు. కాగితాలన్నీ అల్మరా మీద పెట్టుకుని నిలబడే చదువుతుంది. తీర్పంతా చదివి, "మీ అక్కగారు నిజంగా అక్కడే ఉండేవారా?" అంది. ఒళ్ళు మండింది. "ఉండేదండీ, నేను అన్నం తినొచ్చాను" అన్నాను. "మీరు తిన్న అన్నం రికార్డులో లేదు" అంది.

ఆవిడ చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ. అప్పీలంటే ఆట మళ్ళీ మొదట్నుంచీ కాదు. కింది కోర్టులో ఎవరేం చెప్పారో, ఏ కాగితం ఇచ్చారో అదే సరుకు. కొత్త సాక్షిని తెస్తే చాలావరకు రానివ్వరు. ఉన్న సరుకులోనే ఆ జడ్జి చూడనిది మనం చూపించాలి. అందుకని సాక్షులు చెప్పినవన్నీ, వాళ్ళవీ మనవీ, నకళ్ళు తీయించి పంపు. అప్పీలు తేలేవరకూ నిన్ను కదిలించకుండా స్టే అడుగుతుంది. వస్తుందనే అంటోంది.

ఇంకొకటి. నీ మరదలు మేడ మీద గది ఖాళీ చేసి పెట్టింది. కిటికీకి నల్లకాగితం కూడా నేనే అంటిస్తానంది. ఓడిపోతేనే రావాలని రూలేమీ లేదు. ఇన్నాళ్ళూ పిలుస్తూనే ఉన్నాం, గోడకి చెప్పినట్టే ఉంది. ఎందుకని అడగొద్దన్నావు. సరే, అడగను. అడగకపోవడం నాకూ అలవాటే.

నీ తమ్ముడు

*

వెనక గది,
స్టే వచ్చిన మర్నాడు.

చిన్నోడా,

నకళ్ళు పంపాను. స్టే కాగితం అందింది. కాబట్టి అప్పీలు తేలేవరకూ నేను ఈ ఇంట్లో లేకుండా ఉండవచ్చు. మరదలికి చెప్పు, నల్లకాగితం ఒక్కటే చాలదని. ఫొటో కాగితానికి మామూలు వెలుగు పనికిరాదు, ఎర్ర బల్బు ఒక్కటే పడుతుంది. తలుపు సందులో వెలుగు వెంట్రుకంత దూరినా కాగితం నల్లబడిపోతుంది. అంత చీకటి పిల్లలున్న ఇంట్లో దొరకదు. దొరక్కూడదు కూడా.

నిన్న కిరాణా కొట్లో ఎదురింటి మాస్టారి భార్య కనిపించింది. పెద్దన్నయ్య తరఫున సాక్ష్యం చెప్పింది ఈవిడే. బోనులో నిలబడి నావైపు చూసి, "వాళ్ళమ్మ పోయాక ఈ అమ్మాయిని ఆ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదండీ" అంది. అబద్ధం కాదు, నిజంగానే చూడలేదు. నిన్న నన్ను చూడగానే చేతిలో సంచి గుండెకి హత్తుకుని పక్కకి జరిగింది. తప్పు చేసినట్టు కాదు, భయపడినట్టు. కొట్టువాడితో గుసగుసగా ఏదో అడిగింది. వాడు నవ్వి, "మనిషేనమ్మా" అన్నాడు. ఏమడిగిందో మరి.

ఆవిడకి తెలియదు కానీ వాళ్ళ హాల్లో వేలాడే మాస్టారి పెద్ద ఫొటో నేను చేసిందే. ఆయన పోయాక పాత గుర్తింపుకార్డు మీది బొటనవేలంత ఫొటో స్టూడియోలో ఇచ్చారు. అందులో కళ్ళు సగం మూసి ఉన్నాయి. సన్న కుంచెతో కళ్ళు నేనే తెరిచాను. రసాయనం పళ్ళెంలో మాస్టారి ముఖం మెల్లగా తేలింది. ముందు మీసం, తర్వాత చెవులు, ఆఖర్న చూపు. ఈ వీధిలో పోయినవాళ్ళు చాలామంది అలాగే ఈ గదిలో ఒకసారి పైకి తేలి, ఆరి, ఫ్రేము కట్టించుకుని ఇళ్ళకి వెళ్ళారు. నన్ను చూడని ఇళ్ళల్లో నా పని గోడల మీద ఉంది. ఇదేమైనా రికార్డుకి పనికొస్తుందా? రాదులే. స్టూడియో ముద్ర ఉంటుంది కానీ నా పేరుండదు.

ఇప్పుడు ఫొటోలు కడిగించుకునేవాళ్ళే తగ్గిపోయారు. వారానికి ఒకటో రెండో. అయినా రోజూ మధ్యాహ్నం ఎర్ర బల్బు వేసుకుని కూర్చుంటాను. పని లేకపోయినా కూర్చుంటాను. అలవాటు.

అక్క

*

బస్సు డిపో,
జీతాల రోజు.

అక్కా!

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. లాయరమ్మకి దొరికింది! రాత్రంతా చదివిందట, పొద్దున్నే కబురు పెట్టింది. వెళ్ళేసరికి అల్మరా ముందు నిలబడి ఒక్కతే నవ్వుతోంది.

మాస్టారి భార్య సాక్ష్యం నువ్వు చివరిదాకా విన్నావా? నేను విన్నాను కానీ బుర్రకెక్కలేదు. మన పాత లాయరు అడిగిన చివరి ప్రశ్నలు చూడు. నకలు ముందు పెట్టుకుని రాస్తున్నాను.

"ప్రశ్న: ఎదురిల్లే కదా, ఏనాడూ ఆ అరుగు మీదికి వెళ్ళలేదా?
జవాబు: లేదండీ. ఎవరం వెళ్ళేవాళ్ళం కాదు.
ప్రశ్న: ఎందుకని?
జవాబు: అందులో దయ్యం ఉందండీ.
ప్రశ్న: ఓహో. మీరు చూశారా?
జవాబు: చూడలేదు. వీధి తలుపు సందులోంచి లోపలెక్కడో ఎర్రటి వెలుగు కనబడేది. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు. ఆడమనిషి కూనిరాగం తీస్తుండేది. ఒక్కోసారి ఇద్దరాడవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉండేది. మాటలు తెలిసేవి కాదు.
ప్రశ్న: ఎప్పుడో ఒకసారా?
జవాబు: కాదండీ. ఏళ్ళ తరబడి. రోజూ మధ్యాహ్నం పూట."

అందరూ నవ్వారు, గుర్తుందా? పాత లాయరు కూడా వెటకారంగా నవ్వి కూర్చున్నాడు. జడ్జిగారు "స్థానికుల మూఢనమ్మకం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. ఆ నవ్వులో మన కేసు కొట్టుకుపోయింది. లాయరమ్మ ఏమందో తెలుసా? "దయ్యానికి నీళ్ళెందుకు బాబూ? రోజూ మధ్యాహ్నం ఎర్ర బల్బు వేసుకుని నీళ్ళతో పని చేసే దయ్యం మీ అక్కగారే. వాళ్ళు తెచ్చిన సాక్షి, వాళ్ళ తరఫున, ప్రమాణం చేసి, ఆ ఇంట్లో ఏళ్ళ తరబడి ఒక మనిషి ఉందని చెప్పింది. చెప్పినావిడకి తెలియలేదు, విన్నాయనకి తెలియలేదు." నువ్వు ఫొటోల పని చేస్తానని నీ సాక్ష్యంలో చెప్పావు, ఎర్ర బల్బు మాటా అందులో ఉంది. రెండూ పక్కపక్కన పెడితే అతికినట్టు సరిపోయాయి. నా నెత్తిన పాలు పోసినట్టయింది.

ఒక్కటే మెలిక. వెలుగు నీది, నీళ్ళు నీవి. పాట కూడా నీదేనని, మాటలు నీలో నువ్వు మాట్లాడుకున్నవేనని వాదనలో గట్టిగా చెప్పాలట. లేకపోతే పెద్దన్నయ్య లాయరు లేచి, రెండో ఆడమనిషి ఎవరు, ఎవరి తరఫున ఉంది, ఆ ఇల్లు ఎవరి చేతిలో ఉన్నట్టు అని మొదలుపెడతాడు. ఇంకొక మనిషి ఉందంటే కేసు పోయినట్టే. నువ్వు ఒక్కదానివే అంటే ఇల్లు నీదే. అవునని ఒక్క ముక్క రాసి పంపు. దానిదేముంది, పనిచేసుకుంటూ ఎవరు కూనిరాగం తీయరు చెప్పు?

నీ తమ్ముడు

*

వెనక గది.

తమ్ముడికి,

వెలుగు నాదే. నీళ్ళు నావే. పాట నాది కాదు.

నేను పాడనని నీకు తెలుసు. బళ్ళో ప్రార్థన పాడుతుంటే పంతులమ్మ నన్ను పెదాలు మాత్రం కదపమనేది. ఆ పాట అమ్మది. తల దువ్వేటప్పుడు, బట్టలు మడతపెట్టేటప్పుడు పాడేది చూడు, మాటల్లేని పాట. సగందాకా వచ్చి, తర్వాత గుర్తురాక, మళ్ళీ మొదటికి వెళ్ళేది. ఆఖరెలా ఉంటుందో మనకెవరికీ తెలియదు.

అమ్మ పోయిన కొన్నాళ్ళకి పళ్ళెంలో ఎవరిదో ముఖం తేలుతుంటే ఆ పాట వినబడింది. నా వెనక, అమ్మ మంచం ఉండే మూల నుంచి. నేను తిరిగి చూడలేదు. చేతిలో కాగితం ఉంది. భయం వేయలేదు. "అమ్మా, అన్నం తిన్నావా?" అన్నాను. ఎందుకలా అడిగానో తెలియదు. ఏదో అంది. ఆ తర్వాత రోజూ. పెద్ద కబుర్లేమీ కావురా. చలిగా ఉందా అంటుంది. చిన్నోడు ఉత్తరం రాశాడా అంటుంది. ఎర్ర బల్బు ఆర్పి తలుపు తీస్తే ఉండదు. చీకటిలోనే ఉంటుంది. నీ ఇంటికి ఎందుకు రానో, పని లేకపోయినా ఎందుకు కూర్చుంటానో ఇప్పుడు తెలిసిందిగా.

నాకు పిచ్చి అనుకో, పరవాలేదు. కానీ "ఆ ఇంట్లో నేను ఒక్కదాన్నే" అని మాత్రం రాయించకు. నేను ఉన్నానో లేదో ఊళ్ళోవాళ్ళు తేల్చారు, పడ్డాను. అమ్మ ఉందో లేదో తేల్చడానికి వాళ్ళెవరు?

అక్క

*

ఇల్లు, మేడ మీద గది,
చాలా రోజుల తర్వాత.

అక్కా,

ఆలస్యం చేశాను. రాసి చించేశాను, మళ్ళీ రాశాను. లాయరమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. మా అక్కకి ఒంట్లో బాగాలేదని చెప్పాను. ఈ ఉత్తరం నీ కోసం ఖాళీ చేసిన గదిలో కూర్చుని రాస్తున్నాను, పిల్లలు ఇక్కడికి రారు.

నీకు పిచ్చి లేదు. నేనూ విన్నాను.

అమ్మ పోయాక నేను పనిచేసే కొట్లోనే పడుకుని, భోజనానికి నీ దగ్గరికి వచ్చేవాణ్ణి కదా, ఈ ఉద్యోగం వచ్చేదాకా. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి వచ్చాను. నీ గది తలుపు మూసి ఉంది. పని జరుగుతుంటే తట్టకూడదు, తీయకూడదు అని నువ్వు మొదట్నుంచీ నేర్పిన రూలు. బయటే నిలబడ్డాను. లోపల అమ్మ పాడుతోంది. అమ్మేనక్కా, ఆ సగంలో ఆగడంతో సహా. ఆగింది, నీ గొంతు ఏదో అడిగింది, అమ్మ గొంతు ఏదో చెప్పింది. నా చెయ్యి గడియ మీద ఉంది. తీస్తే కాగితం పాడవుతుందని నాకు నేను చెప్పుకుని తీయలేదు.

తర్వాత చాలాసార్లు విన్నాను. ఆలోచించగా ఆలోచించగా అర్థమైంది ఏమిటంటే, రెండూ నువ్వే. నువ్వు అమ్మ గొంతుతో పాడి, నీ గొంతుతో జవాబు చెప్పుకుంటున్నావు. నీకే తెలియకుండా. చిన్నప్పుడు మీ ఇద్దరిలో ఎవరు పిలిచారో తెలియక నేను ఎన్నిసార్లు తప్పు గదిలోకి పరిగెత్తలేదు? అందులో వింతేముంది? నీకు చెబితే మానేస్తావేమోనని చెప్పలేదు. మానేస్తే నాకు కూడా ఆ గొంతు ఉండదు కదా.

ఉద్యోగం దొరకగానే ఎందుకు పారిపోయి వచ్చానో కూడా చెప్పేస్తాను. నీకేమైనా అవుతుందేమోనని కాదు. ఏదో ఒకరోజు తలుపు ఇవతల నుంచి నేనూ జవాబు చెప్పేస్తానేమోనని.

ఇప్పుడు నా మాట విను. ఇల్లు పోతే పెద్దన్నయ్య దాన్ని పడగొట్టి కొట్లు కడతాడు, బయానా కూడా తీసుకున్నాడట. అప్పుడు పాట నీదైనా అమ్మదైనా పాడుకోవడానికి గోడలుండవు. ఒక్క మాట ఒప్పుకో. అమ్మ లేదని అనడం లేదు. పాడింది నీ గొంతు అని మాత్రమే అంటున్నాం.

నీ తమ్ముడు

*

వెనక గది,
ఎండలు ముదిరాయి.

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చిన రోజున నీ మీద పట్టరాని కోపం వచ్చింది. ఇన్నేళ్ళు విన్నవాడివి, ఒక్కసారి, ఒక్కసారి "నాకూ వినబడుతోందక్కా" అని ఉంటే నా బతుకు ఎంత తేలికయ్యేదిరా! ఒక్కదాన్నే మోశాను. కోపం తగ్గాక ఏడ్చాను. ఏడ్చాక అన్నం వండుకున్నాను.

తర్వాత నీ మాట నిజమో కాదో చూద్దామనిపించింది. మధ్యాహ్నం ఎర్ర బల్బు వేసుకుని, ఒక చేత్తో కాగితం పళ్ళెంలో తిప్పుతూ రెండో చెయ్యి గొంతు మీద పెట్టుకున్నాను. పాడేది నేనే అయితే చేతికి తెలుస్తుంది కదా. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పాట వచ్చింది.

చేతికి ఏం తెలిసిందో నీకు చెప్పను.

లాయరమ్మకి చెప్పు. వెలుగు నాది, నీళ్ళు నావి, పాట నాది, మాటలు నావి. ఆ ఇంట్లో ఉన్నది నేను ఒక్కదాన్నే. ఇదే మాట వాదనలో రాసుకోమను. గోడలుండాలి అన్నావు చూడు, అది నిజం. మిగతాది తర్వాత చూసుకుందాం.

నా తరఫున సంతకం కావాలంటే కాగితం పంపు. నన్ను పెద్దకోర్టుకి రమ్మనకు. ఆ మాట వాళ్ళు బయటికి చదువుతుంటే వినలేను.

అక్క

*

బస్సు డిపో,
తీర్పు రోజు, సాయంత్రం.

అక్కా అక్కా అక్కా,

గెలిచాం!

డ్రైవర్లందరికీ మిఠాయి పంచాను. లేటుగా వచ్చినవాడికి కూడా.

జడ్జిగారు పెద్దాయన, కాస్త చెముడు. లాయరమ్మ దయ్యం అనగానే "ఏమిటీ?" అని చెయ్యి చెవికి అడ్డం పెట్టుకున్నాడు. ఆవిడ మళ్ళీ చెప్పింది. హాల్లో నవ్వులు. ఆయన మాత్రం నవ్వలేదు. సాక్ష్యంలో ఆ ముక్క తనే బయటికి చదువుకున్నాడు, నెమ్మదిగా. చదివి పెద్దన్నయ్య లాయరు వైపు చూసి, "ఇది మీ సాక్షేనా?" అన్నాడు. లాయరు అవునన్నాడు. "మీ సాక్షిని మీరు నమ్ముతారా?" అన్నాడు జడ్జి. నమ్ముతానంటే ఇల్లు పోతుంది, నమ్మనంటే సాక్షి పోతుంది. అక్కా, ఆ లాయరు ముఖం నువ్వు చూసి తీరాల్సింది. ఆయన కాసేపు కాగితాలు సర్దుకుని, "రెండో గొంతు ఎవరిదో వాళ్ళు చెప్పలేదు" అన్నాడు. లాయరమ్మ అక్కడే, నడుం పట్టుకుని నిలబడి, "ఆవిడదే. ఆవిడ ఒంటరి మనిషి. ఒంటరి మనుషులు తమలో తాము మాట్లాడుకుంటారు" అంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం తీర్పు చదివారు. అందులో ముఖ్యమైన ముక్క ఇది, నీ కోసం నకలు తీశాను: "ఎరుపు వెలుగు, నీటి శబ్దము, పాట, సంభాషణ, ఇవన్నియు అప్పీలుదారువే. తల్లి మరణానంతరము సదరు గృహములో అప్పీలుదారు ఒక్కరే నివసించిరి. మరెవ్వరును లేరు. కింది కోర్టు తీర్పు రద్దు చేయడమైనది."

వీధి తలుపు తాళంచెవి పెద్దన్నయ్య నా చేతిలో పెట్టాడు. ముఖం చూడలేదు. ఈ ఉత్తరంతోనే రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. ఇక నువ్వు దర్జాగా వీధి తలుపు లోంచి రా, పో. నిన్ను లేదనేవాడు పుట్టలేదు.

ఈ నెలాఖరుకి అందరం వస్తాం.

నీ తమ్ముడు

*

ముందు గది.

చిన్నోడా,

తాళంచెవి అందింది. తలుపు నెట్టడానికి పక్కింటి దర్జీ సాయం పట్టాడు. అన్నేళ్ళ దుమ్ము ఒక్కసారిగా లేచింది. చూస్తుండగానే వీధంతా అరుగు మీద చేరింది. మాస్టారి భార్య ముందుగా వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వేనా తల్లీ! మేం ఎన్ని రోజులు హడలిచచ్చామో" అని నవ్వుతూ ఏడ్చింది. వాళ్ళాయన కళ్ళు తెరిచింది నేనేనని చెప్పాను. నా భుజం మీద తలపెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. మంచి మనిషిరా. ఇప్పుడు రోజూ వస్తోంది. అందరూ వస్తున్నారు. ఊరంతటికీ నేనున్నాను.

కానీ అమ్మ లేదు.

తీర్పు చెప్పిన పూట నేను వెనక గదిలోనే ఉన్నాను. పళ్ళెంలో ఒక చిన్నపాప ఫొటో ఉంది. అమ్మ పాడుతోంది. సగంలో ఆగింది. ఎప్పుడూ ఆగేచోటే కాబట్టి నేను పట్టించుకోలేదు, మళ్ళీ మొదలుపెడుతుందని చూశాను. మొదలుపెట్టలేదు. "అమ్మా" అన్నాను. "అమ్మా, చలిగా ఉందా?" అన్నాను. పాప ముఖం పళ్ళెంలో పూర్తిగా నల్లబడిపోయేదాకా అలాగే కూర్చున్నాను. నీ ఉత్తరం వచ్చాక చూస్తే, నువ్వు రాసిన మిట్టమధ్యాహ్నమూ అదే.

ఆ తర్వాత రోజూ కూర్చుంటున్నాను. నల్లకాగితం తీయలేదు, ఎర్ర బల్బు మార్చలేదు. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నువ్వన్నట్టు పాడేది నేనే అయితే ఇప్పుడు కూడా రావాలి కదా? పాడదామని నోరు తెరిచాను. నాకు ఆ పాట రాదురా. ఒక్క ముక్క కూడా రాదు. ఇన్నేళ్ళు విన్నదాన్ని, మొదలెక్కడో కూడా దొరకడం లేదు.

ఆ రోజు చేతికి ఏం తెలిసిందో చెప్పనన్నాను. ఇప్పుడు చెబుతున్నాను. పాట వస్తున్నంతసేపూ నా గొంతు కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టే ఉన్నాను. తెలిసే రాయించాను, ఒక్కదాన్నే అని. గోడల కోసం రాయించాను. తను లేదని నేనే అన్నానని అమ్మకి తెలిసిపోయింది. మన అమ్మ సంగతి తెలుసు కదా, ఎవరైనా కాదంటే రెండో మాట అనకుండా లేచి వెళ్ళిపోయే మనిషి. నాన్నతో గొడవలప్పుడు చూడలేదూ, చెప్పులు కూడా వేసుకునేది కాదు.

నీ మీద కోపం లేదు. నువ్వు నా కోసమే చేశావు. ఇల్లు నిలబడింది, నిజమే. రాత్రుళ్ళు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరుగుతున్నాను. ఎదురింటివాళ్ళు దీపం చూసి, అదుగో పాపం ఆ అమ్మాయి ఇంకా పడుకోలేదు అనుకుంటారు. ఎవరూ భయపడరు. అదే నాకు భయంగా ఉంది.

లాయరమ్మని ఒక్క సంగతి అడిగి రాయి. నవ్వుతుందేమో, నవ్వనీ. ఓడినవాళ్ళే కాకుండా గెలిచినవాళ్ళు కూడా అప్పీలు వేసుకోవచ్చా? ఇంటి సంగతి వాళ్ళ ఇష్టం, ఉంచితే ఉంచనీ, పెద్దన్నయ్యకే ఇస్తే ఇవ్వనీ. "మరెవ్వరును లేరు" అన్న ఆ ఒక్క ముక్క కొట్టేయించాలి.

అక్క